వద్దంటే వద్దనేనా?

మా వృద్ధాశ్రమంలో పై అంతస్తు ఆయాకు అసలు పేరుతో పనిలేదు. అందరూ ఆమెను రైలుబండి అంటారు. ఒకరి పక్కబట్టలు మార్చి, ఇంకొకరికి ఒళ్ళు తుడిచి, మధ్యలో మూత్రం సంచి ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, ముప్పైమంది కంచాలున్న బండి తోసుకుంటూ పరిగెత్తేది. కింద వంటగది నాది. నా నోరు మంచిది కాదని ఇక్కడి పిల్లికి కూడా తెలుసు. అయినా ఆమెకూ నాకూ బాగా పడేది. వదినా అని పిలిచేదాన్ని.

ఆమె వడ్డించే గదుల్లో చివరిది టైలరు తాతది. ఊరందరి నడుము కొలతలూ నోటికి వచ్చిన మనిషి, తన కడుపు సంగతి మాత్రం పైకి చెప్పడు. ఇక్కడికి వచ్చాక చొక్కా కాలరులో పిడికిలి పట్టేంత చిక్కిపోయాడు. కంచం వెళ్ళింది వెళ్ళినట్టే కిందికి వచ్చేది.

"ఏం వదినా, నా వంట మీద ఆయనకేమైనా కోపమా?" అన్నాను.

"వద్దన్నాడు. వద్దంటే తీసుకొచ్చేయాలి. మేడమ్ చెప్పలేదూ?"

మేడమ్ అంటే మాకు శిక్షణ ఇచ్చే ఆవిడ. ఆవిడది వేరే భాష, పక్కన ఒక మనిషి తర్జుమా చేసి చెబుతుంటాడు. పెద్దవాళ్ళ మాటను గౌరవించాలి, బలవంతంగా తినిపించకూడదు అని నేర్పింది. అందులో తప్పేముంది? పైగా ముప్పైమందికి పెట్టాల్సిన మనిషికి ఒక 'వద్దు' దొరికితే కాస్త ఊపిరి పీల్చుకునే వీలు.

ఒక మధ్యాహ్నం రైలుబండి వంటగదిలో కూలబడింది. టీ తాగుతావా అని అడిగితే "వద్దులే" అంది. నాకు ఒళ్ళు మండి, ఆ కప్పు నేనే తాగేశాను. అప్పుడామె మొహం చూడాలి.

"అదేంటి, ఒక్క మాటకే ఊరుకున్నావ్?"

"వద్దంటే వద్దనే కదా."

నవ్వబోయి ఆగిపోయింది. తాత కంచం మళ్ళీ వేడి చేయించుకుని పైకి పరిగెత్తింది. రెండుసార్లు వద్దు తల్లీ, నీకెందుకు శ్రమ అన్నవాడు, మూడోసారికి నోరు తెరిచి కంచం ఖాళీ చేశాడట. కిందికొచ్చి ఆ సంగతి చెబుతూ ఏడ్చేసింది. "ఇన్నాళ్ళూ ఆయన్ని ఆకలితో పడుకోబెట్టానే" అంది. ఇంట్లో అత్తగారికి రోజూ బతిమాలే తినిపిస్తుంది. యూనిఫాం వేసుకోగానే ఆ సంగతి మర్చిపోయింది.

మేడమ్‌కు చెబితే శ్రద్ధగానే విన్నది. మొహమాటం అనే మాటకు తర్జుమా మనిషి తెగ తడుముకున్నాడు. చివరికి ఈయన్ని మాత్రం మూడుసార్లు అడగవచ్చని మేడమ్ ఒప్పుకుంది. తాత మొహం కాస్త నిండింది.

వానలు మొదలయ్యాక ఆయనకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. ఆ రోజు నీళ్ళ కూజా ఇవ్వడానికి వెళ్ళి నేనూ గదిలోనే ఉన్నాను.

"వద్దమ్మా" అన్నాడు.

"రెండు ముద్దలే తాతగారూ."

"ఇవాళ వద్దు తల్లీ."

ఆ 'ఇవాళ' మా ఇద్దరికీ వినిపించింది. ఇద్దరం పట్టించుకోలేదు.

"నా కోసం తినండి" అంది ఆమె. ఆయన ఆమె మొహంలోకి చూసి, కాదనలేక నోరు తెరిచాడు. రెండో ముద్దకు "బాగుందమ్మా" అన్నాడు. ఆ వెంటనే దగ్గు పట్టుకుంది, ఎంతకీ ఆగలేదు. అన్నం ఊపిరి గొట్టంలోకి పోయిందన్నాడు డాక్టరు. మర్నాటికి తాత పోయాడు.

కూతురు వచ్చి, చివర్లో ఏమైనా తిన్నారా అని అడిగింది.

"తిన్నారమ్మా. వద్దన్నా నేను బలవంతపెట్టాను. అదే గొంతుకు అడ్డం పడింది" అంది రైలుబండి.

ఆ అమ్మాయి ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "మా నాన్న ఎవరైనా గట్టిగా అడిగితే తప్ప తినరు. మీరు కాబట్టి కనిపెట్టారు" అని ఏడ్చింది. రైలుబండి ఆ చేతులు విడిపించుకోలేక అలాగే నిలబడిపోయింది. నేను చూడలేక కిందికి వచ్చేశాను.

ఇప్పుడామె బట్టలుతికే గదిలో పనిచేస్తోంది. అందులో మీ తప్పేం లేదు, పైకి రండి అని మేడమ్ స్వయంగా వచ్చి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వద్దంది రైలుబండి.

మేడమ్ వంటగదికి వచ్చి, అది నిజంగా వద్దా, లేక మొహమాటమా అని నన్ను అడిగింది. మొహమాటం అన్న ఆ ఒక్క మాటా మన భాషలోనే అంది. ఇన్నేళ్ళు వదినా అని పిలిచినదాన్ని, నాకూ తెలియలేదు.