నలభై ముగ్గురికి ఒకే బుగ్గ

సున్నం మాస్టారి అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఫొటో స్టూడియో వెనక, కిటికీ లేని గదిలో, కీచుమనే కుర్చీలో ఇరవై రెండేళ్లుగా కూర్చుని, కంప్యూటరు తెర మీదకొచ్చిన ప్రతి మొహానికీ తెలుపు కొట్టడం ఆయన పని. అందుకే సున్నం. మాస్టారు అన్నది మర్యాదకి.

తన పనితనం గురించి ఆయన చెప్పే కబుర్లు వింటే చెవుల తుప్పు వదిలిపోతుంది. బొగ్గుల డిపో ఆయన ఫొటో దిద్ది ఇంటికి పంపిస్తే, ఆయన కన్నతల్లి దాన్ని పక్కింట్లో ఇచ్చేసి వచ్చిందట, మీ అల్లుడి ఫొటో పొరపాటున మా ఇంటికొచ్చిందమ్మా అని. ఒకరోజు కరెంటు పోతే, తను దిద్దిన పెళ్లికూతురి ఫొటో ఎదురుగా పెట్టుకుని ఆ వెలుగులో పేపరు మొత్తం చదివేశానంటాడు. నమ్మనివాళ్లకి ఆ పేపరు కూడా చూపిస్తాడు.

నిజానికి ఆయన దగ్గర మంత్రమేమీ లేదు. కంప్యూటర్లో 'బుగ్గ' అని పేరు పెట్టి దాచుకున్న ఒక్క రంగు ముక్క ఉంది. ఎప్పుడో ఏదో ఫొటోలోంచి చిటికెడు ఎత్తి పెట్టుకున్నాడు. ఎవరొచ్చినా సరే, కళ్లూ పెదాలూ వదిలేసి మిగతా మొహమంతా ఆ రంగు పరిచేస్తాడు. మచ్చ కనిపిస్తే తుడిచేస్తాడు, ముడత కనిపిస్తే సాపు చేస్తాడు. మనిషికి నాలుగు నిమిషాలు. ఆ లెక్కన సగం ఊరు గోడల మీద ఒకే బుగ్గ వేసుకుని వేలాడుతోంది.

"ఎవరిదండీ ఆ బుగ్గ?" అని పెళ్లైన కొత్తలో భార్య అడిగింది.

"వృత్తి రహస్యం" అన్నాడు.

అనకుండా ఉండాల్సింది. పదకొండేళ్లలో ఆవిడ మనసులో ఆ బుగ్గకొక మొహం, ఆ మొహానికొక వాలుజడ, ఆ జడకొక పేరు కూడా తయారైపోయాయి. కూర మాడినా, కుళాయి కారినా, మాటకి మాట పెరిగినా గొడవ చివరికి వెళ్లి ఆ బుగ్గ దగ్గరే ఆగేది.

ఆవిడ సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షను. తొమ్మిదేళ్లుగా అట్టపెట్టెలకి టేపు వేస్తోంది. మనిషి నలుపు. "గట్టి రంగు, ఎన్ని ఉతుకులు ఉతికినా దిగదు" అని ఆవిడే నవ్వుతూ చెబుతుంది. ముందుగదిలో వాళ్ల పెళ్లి ఫొటో ఉంది. అది చూసిన కొత్తవాళ్లు గొంతు తగ్గించి, "ఈవిడ మొదటి భార్యా? పాపం, ఎలా పోయారు?" అని అడుగుతుంటారు.

అలాంటి ఇంటికి ప్యాకింగ్ సెక్షను నలభై ముగ్గురి గుర్తింపు కార్డుల పని వచ్చి పడింది.

"ఏమండీ" అంది ఆవిడ భోజనాల దగ్గర. "ఇవి గోడకి తగిలించుకునేవి కావు, గేటు దగ్గర చూపించేవి. ఉన్నవి ఉన్నట్టు వదిలెయ్యండి. మీకు పుణ్యముంటుంది."

"నువ్వు నాకు పని నేర్పకు. నలభై ముగ్గురు ఆడవాళ్లు రేప్పొద్దున నన్ను తిట్టుకోవాలా?"

మొత్తం నలభై ముగ్గురికీ బుగ్గ పరిచాడు. సొంత మనిషి కదా అని భార్యకి రెండు పూతలు వేశాడు. దిద్దినవాటిని అసలు ఫొటోల మీదే దాచేశాడు. అసలువి విడిగా ఉంచడం ఆయనకి అలవాటు లేదు. నా రంగు నాకు తిరిగిచ్చెయ్యమని ఇరవై రెండేళ్లలో ఒక్కరైనా వచ్చారా?

శనివారం కార్డులు పంచితే సెక్షనంతా సంబరమే. "మనం చేసే సబ్బు ఇంత పనిచేస్తుందని ఇన్నాళ్లూ తెలీలేదే!" అని ఒకరి కార్డు ఒకరు లాక్కుని చూసుకున్నారు. అదే రోజు మేనేజరు మాస్టారి భార్యని పిలిచి, సోమవారం నుంచి ప్యాకింగ్ సెక్షనుకి నువ్వే ఇన్‌చార్జివని చెప్పాడు. ఎనిమిదిన్నర సైరను లోపు వచ్చి తాళాలు తీసుకోవాలి. ఆవిడకి కాళ్లు నేల మీద నిలవలేదు. ఆదివారమంతా తాళాలు పట్టుకున్నట్టు చెయ్యి ఊపుకుంటూ ఇంట్లో నడిచింది.

సోమవారం ఏడున్నరకి గేటు దగ్గర కొత్త వాచ్‌మన్ ఉన్నాడు. పెద్దాయన. ఇదివరకెక్కడో ఖజానాకి కాపలా కాసిన మనిషి. ఒక కళ్లజోడు కళ్లకి, ఇంకోటి నుదుటి మీద. ఆవిడ కార్డు తీసుకుని, జోళ్లు మార్చి మార్చి చూశాడు.

"కార్డులో ఉన్నావిడ రాలేదా అమ్మా?"

"ఆవిడ నేనే బాబాయ్."

"నేను పొద్దున్నే నవ్వులాటలు పెట్టుకోను తల్లీ. వెళ్లి ఆవిణ్ణి తీసుకురా, పంపిస్తా."

వెనకున్నావిడ తన కార్డు చూపించింది. ఆవిడ వెనకావిడ తనది చూపించింది. ఆయన ఆరు కార్డులు పక్కపక్కన పేర్చుకుని, అనుమానంగా తలెత్తాడు. "ఏమ్మా, ఒకే మనిషి ఫొటోతో ఎంతమంది వద్దామనుకున్నారు?"

మేనేజరుకి ఫోను చేశాడు. ఆయన లోపల్నుంచే, "కార్డూ మొహమూ కలిస్తేనే లోపలికి. రూలు రాసిందే నేను, నేనే తప్పితే ఎలా? సైరను లోపు ఇన్‌చార్జి రాకపోతే తాళాలు లోడింగ్ సెక్షను ఆయనకి ఇచ్చేస్తానని చెప్పు" అన్నాడు. ఆ లోడింగ్ ఆయన అప్పుడే లోపలికెళ్లిపోయాడు. ఆయనది పాత కార్డు. ఫొటో వెలిసిపోయి మీసం ఒక్కటే మిగిలింది. వాచ్‌మన్ మీసాన్ని మీసంతో పోల్చి చూసుకుని వదిలేశాడు.

మాస్టారి ఫోను మోగింది.

"రండి" అంది భార్య. ఒక్కటే మాట. ఆ మాటకే మాస్టారి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎనిమిదికల్లా గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి కెమెరా, తెర, కంప్యూటరు పెట్టె, కీబోర్డూ మౌసూ చంకలో పెట్టుకుని మాస్టారు దిగాడు. వెనకాల ప్రింటరుని పసిపిల్లలా ఎత్తుకుని స్టూడియో ఓనరు దిగాడు. వాచ్‌మన్ షెడ్డులో బల్ల మీద అన్నీ పేర్చి, లైటు ప్లగ్గు పీకి తమ ప్లగ్గు పెట్టారు.

"ముందు మా అక్కది చెయ్యండి బావగారూ, ఇన్‌చార్జి పోస్టు పోతుంది" అని నలభై ఇద్దరూ ఆవిణ్ణి ముందుకి తోశారు.

గేటు గోడకి ఆనుకుని నిలబెట్టి ఫొటో తీశాడు. తెర మీదకి తెచ్చాడు. ఇక ప్రింటు కొట్టడమే మిగిలింది. కానీ ఇరవై రెండేళ్ల చెయ్యి ఊరుకుంటుందా? మాస్టారు ఇంకా ఆలోచిస్తుండగానే, అది తనంతట తనే వెళ్లి బుగ్గ తెచ్చేసి మొహమంతా పరిచేసింది. కార్డు వచ్చింది.

వాచ్‌మన్ చూశాడు. "ఈవిడ ఇందాకటావిడే. ఇంకా రాలేదు."

"ఏమండీ!" అంది భార్య.

"చెయ్యి జారింది. ఈసారి చూడు."

ఈసారి నిజంగానే పళ్ల బిగువున ఆపుకున్నాడు. సగం పూతే వేశాడు. ఎడమ కనుబొమ్మ పైన, ఎప్పుడో అట్టపెట్టె అంచు గీరుకున్న గీత ఒకటి కనబడితే, చీమను దులిపినట్టు అలవాటుగా దులిపేశాడు.

వాచ్‌మన్ కార్డుని ఆవిడ చెంప పక్కన పెట్టి, జోడు మార్చాడు. "నీ చెల్లెలా అమ్మా? పోలికలు బాగానే ఉన్నాయి. కానీ పోలికలున్నవాళ్ల దగ్గరే ఇంకా జాగ్రత్తగా ఉండమన్నారు మాకు."

గడియారం ఎనిమిదీ ఇరవై. లోపల లోడింగ్ ఆయన మీసం సవరించుకుంటూ మేనేజరు గది వైపు నడవడం గేటు సందులోంచి అందరికీ కనిపిస్తూనే ఉంది. మాస్టారి భార్య అది చూసింది. 'మీరు' అన్న మాట ఆవిడ నోట్లోంచి అక్కడే రాలిపోయింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? తొమ్మిదేళ్లు టేపు వేశాను. వేళ్లు చూడు, గీతలు అరిగిపోయాయి. పది నిమిషాల్లో పోతోంది నా పోస్టు, ఎవత్తో బుగ్గ కోసం! ఇవాళ తేలిపోవాలి. ఎవరిదది?"

నలభై ఇద్దరి మెడలూ షెడ్డులోకి సాగాయి. వాచ్‌మన్ కూడా నుదుటి జోడు కిందకి దించాడు.

మాస్టారు నేల చూపులు చూశాడు. "అది... బుగ్గ కాదు."

"మరి?"

"స్టూడియో మొదలుపెట్టిన రోజు అందరం కలిసి ఫొటో దిగాం. ఫ్లాషు నేరుగా వెళ్లి ఓనరుగారి నడినెత్తి మీద పడింది. ఎంత గొప్పగా వచ్చిందనుకున్నావు! మచ్చ లేదు, ముడత లేదు, వెంట్రుక లేదు. అంత శుభ్రమైన జాగా ఇంకెవరి మొహంలోనూ దొరకలేదు."

నలభై ముగ్గురూ మెళ్లో కార్డులు చూసుకున్నారు. తర్వాత అందరూ కలిసి ఓనరు వైపు చూశారు. ఆయన ప్రింటరు మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చెయ్యి మెల్లిగా పైకెత్తి, బట్టతల మీద పెట్టుకుని కప్పుకున్నాడు.

ముందుగా నవ్వింది మాస్టారి భార్యే. పదకొండేళ్లు ఏ వాలుజడ మీద కత్తులు నూరిందో ఆ జడ లేదు, దాని కింద తలుంది, తల మీద వెంట్రుకే లేదు. కడుపు పట్టుకుని గోడకి జారబడి నవ్వింది. "తియ్యి, ఇప్పుడు తియ్యి ఫొటో!" అంటూ కళ్లు తుడుచుకుంది. మాస్టారు తీశాడు.

ఫొటో తెర మీదకి రాగానే ఆవిడ వచ్చి మౌసు వైరు పీకేసింది. మౌసుని గుప్పిట్లో పెట్టుకుంది.

"కూర్చో. చేతులు రెండూ తొడల కింద పెట్టుకో."

పెట్టుకున్నాడు. చేతుల మీద కూర్చుని, ఏ పనీ లేకుండా ఒక మొహాన్ని చూడటం ఆయనకి జీవితంలో అదే మొదలు. నుదురు ఒక నలుపు, చెంపలు ఒక నలుపు, ముక్కు పక్కన కాస్త ఎరుపు కలిసిన నలుపు, దవడ కింద నీడలో ఇంకేదో. ఊరందరికీ కలిపి ఒక్క రంగుతో సరిపెట్టినవాడికి, పెళ్లాం ఒక్కదాని మొహంలోనే ఆరు రంగులు లెక్క తేలాయి. ఏడోది లెక్కపెడుతుంటే కనుబొమ్మ పైన గీత కనిపించింది. తొడల కింద చెయ్యి మెలికలు తిరిగింది.

"ఆ గీత ఒక్కటీ..."

"ముట్టుకున్నావో, రాత్రికి నీ కుర్చీ వాచ్‌మన్ బాబాయికి ఇచ్చేస్తా." ఆవిడే వంగి రెండు మీటలు నొక్కింది. ప్రింటరు గుర్రుమంది.

వాచ్‌మన్ కార్డు చూశాడు, మొహం చూశాడు. జోడు మార్చాల్సిన పనే పడలేదు. "ఇదిగో, వచ్చారా! ఇందాకట్నుంచి ఎక్కడికి పోయారమ్మా? మీ కోసం అందరం చూస్తున్నాం. వెళ్లండి, వెళ్లండి."

ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. మేనేజరు గది మెట్లెక్కుతుండగా సైరను మొదలైంది, అది ఆగేలోపు తాళాలగుత్తి గలగలలాడింది. కిటికీలోంచి ఆ గుత్తి ఊపి చూపించింది. రెండో చేతిలో మౌసు వైరు తోకలా వేలాడుతోంది.

మిగతా నలభై ఇద్దరూ వరసగా గోడ దగ్గర నిలబడ్డారు. మాస్టారు ఫొటో తీస్తాడు, వచ్చి చేతుల మీద కూర్చుంటాడు, ఓనరు రెండు మీటలు నొక్కుతాడు. మధ్యలో ఒకసారి, ఎవరూ చూడటం లేదనుకుని, భార్య కొత్త ఫొటో పెద్దది ఒకటి ప్రింటు తీయించి చొక్కా లోపల దాచుకున్నాడు. ముందుగదిలో మొదటి భార్యని దింపెయ్యాలి కదా.

చిట్టచివర మిగిలినావిడ అటూ ఇటూ చూసి, మాస్టారి పక్కకి చేరింది. "బావగారూ, నాకొక్కదానికీ కొంచెం... ఓనరుగారిది కొంచెమే వేసి..."

ఓనరు మళ్లీ తల కప్పుకున్నాడు.

"మౌసు లోపలుందమ్మా" అన్నాడు మాస్టారు. "వెళ్లి ఇన్‌చార్జిగార్ని అడగండి."