డ్యాష్‌బోర్డులో సవతి

గద్వాలలో మాకో పాత పికప్ బండి ఉంది. మొన్న ఎండాకాలం మా ఆయన దానికి కొత్త మీటర్లు బిగించారు. ఇక పొద్దున లేస్తే వాటిని తుడవడం, చూసి మురిసిపోవడం. నేను కొత్త చీర కట్టినా తలెత్తని మనిషి!

ఓరోజు అలంపూర్ వెళ్తుంటే ఇంజన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ముందు చూసింది నేనే. "ఆపుండ్రి!" అని అరిచాను. ఆయన దిగి బానెట్ ఎత్తితే గుప్పున ఆవిరి.

నీళ్లు పోసొచ్చి కూర్చుని, "ఇంక జరసేపుంటే ఇంజన్ ఖరాబైతుండె. బతికిచ్చినవ్ బంగారం!" అన్నారు. పెళ్లయ్యాక మొదటిసారి ఆ మాట విని సిగ్గుతో తల దించుకున్నాను. ఎత్తి చూస్తే, ఆయన చెయ్యి మీటరును నిమురుతోంది!

మనిషైతే జుట్టు పట్టుకోవచ్చు, మీటరునేం చేస్తాం? ఈసారి ముల్లు ఎర్రగీత దాటితే ఆ బంగారాన్నే అరవమనండి. నేను నోరు తెరవను.