చూపు లేకుండా మిర్చీ బజ్జీలు

1999లో పాలమూరు బస్టాండు దగ్గర ఒక మేడ మీద నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. అంతకు ముందు చాలా ఏళ్ళు అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గిపోయాక మిషన్లను మూలకు తోసి, నాలుగు కంప్యూటర్లు కొని, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు కొట్టించాను. నాలుగింటికీ కలిపి ఒకటే మోడెం. మోడెం అంటే టెలిఫోన్ తీగ మీదుగా కంప్యూటర్‌ను బయటి ప్రపంచంతో కలిపే డబ్బా. ఎవరైనా పొరపాటున ఫోన్ ఎత్తితే నలుగురి ఇంటర్నెట్టూ ఒకేసారి తెగిపోయేది, నలుగురూ కలిసి నన్నే చూసేవారు.

నా కస్టమర్లు రెండు రకాలు. పరీక్ష ఫలితాలు చూసుకునేవాళ్ళు, నేను చూడకుండా ఏదో చూసుకునేవాళ్ళు. రెండో రకం వాళ్ళ కోసం అడ్డాల ఎత్తు సగానికి కోయించాను. దానితో నా వ్యాపారం కూడా సగానికి వచ్చింది. చెయ్యి ఊరుకోదు, నోరు అసలే ఊరుకోదు, అదీ నా స్వభావం.

మేడ కింద రోడ్డు పక్కన ఖాజా భాయ్ హోటల్. పేరుకు హోటల్ గానీ ఉన్నది రేకుల కప్పు, రెండు బల్లలు, ఒక కిరసనాయిలు స్టవ్. పొద్దున చాయ్, సాయంత్రం మిర్చీలు. ఆ మిర్చీల వాసన పైకి వస్తే నా సెంటర్‌లో ఇంటర్నెట్ ముందు ఎవరూ కూర్చునేవారు కారు, నేనైనా సరే.

ఒక మధ్యాహ్నం ఖాజా భాయ్ మెట్లు తడుముకుంటూ పైకి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. ఆ రోజు నవ్వలేదు.

"టీచరమ్మా, గీ ఇంటర్నెట్ల దొరకనిది లేదంటున్నరు పోరగాండ్లు. కండ్లు కనబడకుంట మిర్చీలు ఎట్ల వెయ్యాల్నో దొరుకుతదా?"

రెండేళ్ళుగా అతని చూపు చుట్టూ మూసుకుంటూ వస్తోంది. ఎదురుగా ఉన్నది గొట్టంలోంచి చూసినట్టు కాస్త కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. హైదరాబాదులో పెద్ద దవాఖానకు వెళ్తే రెటీనా జబ్బు అన్నారట. కంటి వెనక పొర పాడైపోవడం. మందు లేదు, మిగిలిన చూపు కూడా పోతుందని చెప్పి పంపించేశారు. తర్వాత ఎలా బతకాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్య అతని చొక్కా చెయ్యికి స్టవ్ మంట అంటుకుంది. పక్కనే ఉన్న తల్లి హుసేన్‌బీ గిన్నెడు బజ్జీల పిండి అతని మీద కుమ్మరించి ఆర్పింది. చేతికి ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె కొడుక్కీ స్టవ్‌కీ మధ్య గోడలా నిలబడింది. రంజాన్ నెల మొదలయ్యేలోపు హోటల్‌ను తన అల్లుడికి అప్పజెప్పాలని తీర్మానం చేసేసింది. అల్లుడు అప్పుడే కొత్త బోర్డుకు రంగులు కూడా వేస్తున్నాడట.

"నన్ను గల్లా మీద కూసోమంటున్నరు టీచరమ్మా. ఇరవై ఏండ్ల సంది బట్టీ కాడ నిలవడ్డోన్ని. గల్లా మీద కూసొని వచ్చేటోళ్ళకు సలాం చేసుకుంట ఎట్ల బతకాలె?"

నాకు ఏమీ తెలియదు. అయినా తెలియదని ఒప్పుకునే అలవాటు లేక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సెర్చ్ ఇంజన్ అంటే అడిగిన మాటలున్న పేజీలను వెతికి తెచ్చే సాధనం. అది తెచ్చిన మొదటి పేజీలో పెద్ద కంటి బొమ్మ ఉంది. ఆ రోజుల్లో బొమ్మ పై నుంచి కిందికి గీత గీతగా దిగేది. కనుబొమ్మ దిగింది, రెప్ప దిగింది, కన్ను దిగే సమయానికి లైను తెగిపోయింది. మళ్ళీ కలిపాను. ఆసుపత్రులు, చుక్కల మందులు, ప్రార్థనతో చూపు తెప్పించేవాళ్ళు వచ్చారు. ఒక్కొక్కటి చదివి చెబుతుంటే ఖాజా భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"కండ్లు బాగుజేసేటోళ్ళు వద్దు. గాళ్ళ సుట్టు తిరిగి తిరిగే గీడికొచ్చిన. కండ్లు లేకుంట బతుకుతున్నోళ్ళు ఉంటరు గద, గాళ్ళను దేవులాడుండ్రి."

నాకు తట్టని మాట అది. అలా వెతికితే గంట తర్వాత ఒక మెయిలింగ్ లిస్ట్ దొరికింది. ఒకరు ఈ-మెయిల్ రాస్తే సభ్యులందరికీ చేరే ఏర్పాటు. చూపు లేనివాళ్ళు వంట గురించి మాట్లాడుకునే లిస్టు. వాళ్ళకు స్క్రీన్ రీడర్ ఉంటుందట, తెర మీది అక్షరాలను గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాం. ఖాజా భాయ్ ప్రశ్నను నా టైపు ఇన్‌స్టిట్యూట్ ఇంగ్లీషులో, 'గౌరవనీయులైన అయ్యలారా' అని మొదలుపెట్టి పంపించాను.

మర్నాడు అతను తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. అనకూడదు గానీ, తల్లే అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. హుసేన్‌బీ నా చక్రాల కుర్చీలో కూర్చోగానే అది వెనక్కి జరిగింది. "గీ కుర్సీకే నిలకడ లేదు, ఇంక గిది చెప్పే మాటలేం నమ్ముతం" అని నేల మీద కూర్చుంది. మోడెం కీచుమంటూ లైను కలుపుతుంటే, "జరమొచ్చినట్టు మూలుగుతాంది" అంది.

రెండు జవాబులు వచ్చాయి. ఒకటి కెనడా నుంచి డోరిస్ అనే ఆమెది. పుట్టుకతోనే చూపు లేదు, ఒక బడి వంటగదిలో చాలా ఏళ్ళు వంట చేసిందట. పొడుగు చేతుల చొక్కా వేసుకోవద్దు. కడాయి పెట్టాకే స్టవ్ వెలిగించు. చేతితో కాకుండా పొడుగు పట్టకారుతో వెయ్యి. ఇక అన్నిటికన్నా ముఖ్యం, నూనె మాట విను. పిండి పడగానే అది గట్టిగా అరుస్తుంది, లోపలి నీరు ఆరేకొద్దీ గొంతు తగ్గుతుంది. సన్నగా గొణిగే వేళకు తియ్యి.

ఖాజా భాయ్ ముఖం వెలిగిపోయింది. "నిజమే టీచరమ్మా. గా సప్పుడు నాకు ఎర్కే. సూసుకుంట ఏసినన్ని దినాలు ఇనలేదు."

రెండోది ఆస్ట్రేలియా నుంచి ఫ్రాంక్ అనే ఆయనది. అన్నీ చెప్పి చివర్లో, ఇంతకీ మిర్చీ బజ్జీ అంటే ఏమిటి, తన యంత్రం ఆ మాటను తుమ్మినట్టు పలుకుతోంది అని రాశాడు.

పని అయిపోయిందని నేను లేవబోయాను.

"ఆగు బిడ్డా," అంది హుసేన్‌బీ. "గామె ఎవరు?"

"డోరిస్ అమ్మా. కెనడాల ఉంటది."

"పేరు ఇన్న. ఎవరో, ఏందో. పెండ్లయిందా? పిల్లలెంతమంది? తల్లి ఉన్నదా? గామె పొయ్యి కాడికి పోతే ఇంట్లోల్లు ఊకుంటరా? ముందూ యెనకా ఎర్కలేనోళ్ళు చెప్తే నా కొడుకును నూనెల దూకమంటనా?"

నాకు ఒళ్ళు మండింది. ఇది పెళ్ళి సంబంధం కాదమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. అవి తెలిసేదాకా కొడుకు స్టవ్ ముట్టుకోడు, అంతే. రంజాన్‌కు ఎన్నో రోజులు లేవు. చచ్చినట్టు కూర్చుని, ప్రపంచంలోని చూపు లేని వంటవాళ్ళందరికీ ఉమ్మడిగా ఉత్తరం రాశాను. మీ సలహాలకు ధన్యవాదాలు, దయచేసి మీకు ఎంతమంది పిల్లలో, తల్లిదండ్రులు ఉన్నారో లేరో, ఇంట్లో మిమ్మల్ని పొయ్యి దగ్గరకు రానిస్తారో లేదో తెలియజేయగలరు. పంపాక సిగ్గుతో తల పట్టుకున్నాను.

మర్నాడు మొదటి జవాబు ఆ లిస్టును నడిపే పెద్దమనిషి నుంచి వచ్చింది. ఈ లిస్టు వంట పద్ధతుల కోసం మాత్రమే, కుటుంబ విషయాలు ఇక్కడ వద్దు. చదివి వినిపించాను. ఇప్పటికైనా ఊరుకుంటుంది అనుకున్నాను.

"గాయినకు ఎంతమంది పిల్లలంట?" అంది హుసేన్‌బీ.

నాకు తిక్క రేగి అదే మాట యథాతథంగా రాసి పంపాను. మమ్మల్ని లిస్టులోంచి తీసేస్తారని అనుకున్నాను. మూడో రోజు ఆయన జవాబు వచ్చింది. ఇద్దరు కూతుళ్ళు, చిన్నది తనతో ఏడాదిగా మాట్లాడటం లేదు, ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇక లిస్టు తలుపులు తెరుచుకున్నాయి. ఫ్రాంక్‌కు పిల్లలు లేరు, రెండు మేకలున్నాయి. ఒకావిడ భర్త ఉప్పు డబ్బా ఎప్పుడూ చోటు మార్చి పెడతాడు, ఇరవై ఏళ్ళుగా ఆమెకు అదే గొడవ. హుసేన్‌బీ ఒక్కొక్కరి సంగతీ విని తీర్పు చెప్పేది. "ఉప్పు డబ్బ జరిపినోనికి కూరల ఉప్పు బంద్ జెయ్యుమను." నేను అదీ రాశాను.

డోరిస్ ఒక వాక్యం రాసింది. చూపు లేదని తెలియగానే అందరూ ఎలా పోయిందని అడుగుతారు, పిల్లలెంతమంది అని మొదట అడిగింది మీరే. దాని కింద, మా అమ్మ ఉంది, ఆమె హుసేన్‌బీ గారికి చెప్పమన్న మాటలు ఇవి అని ఉంది.

"నా కూతురికి ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా నేను ఆమెను అగ్గిపుల్ల ముట్టనివ్వలేదు. ఆమె కోసమే అనుకున్నాను. భయం నాది, కట్టేసింది ఆమెను. మొదటిసారి ఆమె స్టవ్ వెలిగించిన రోజు నా రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. లేకపోతే వెళ్ళి లాగేసుకునేదాన్ని. గుడ్లు మాడాయి, తిన్నాను. మర్నాడూ మాడాయి, తిన్నాను. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. రోజూ నాకు వండి పెట్టేది ఆ చేతులే."

హుసేన్‌బీ కొడుకు వైపు చూసింది. పక్క నుంచి వచ్చే ఆ చూపు అతనికి కనిపించదు.

"గా పెద్దామె పేరేంది బిడ్డా?"

"రాయలేదమ్మా."

"అడుగు," అని కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది.

ఆ సాయంత్రమే పరీక్ష. నేను సెంటర్‌కు తాళం వేసి కిందికి వెళ్ళాను. ఖాజా భాయ్ పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. కంసాలి పట్టకారు లాంటిది ఎక్కడో సంపాదించాడు. కడాయి పెట్టి, చేత్తో అంచు సరిచూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని స్టవ్ వెలిగించాడు. ఉన్న కాస్త చూపు మీద ఆధారపడకుండా నేర్చుకుంటాడట. హుసేన్‌బీ బల్ల మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. అల్లుడు దూరంగా నిలబడి చూస్తున్నాడు, అతని చేతులకు ఇంకా బోర్డు రంగు ఉంది.

మొదటి వాయి నూనెలో పడింది. నూనె అరిచింది. అది గొంతు తగ్గించే వేళకు సరిగ్గా ఒక లారీ వచ్చి ఆగి, హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. ఖాజా భాయ్‌కి ఏమీ వినపడలేదు. మిర్చీలు నల్లబడుతున్నాయి. హుసేన్‌బీ కుడి చెయ్యి బయటికి వచ్చింది. మళ్ళీ లోపలికి పోయింది. ఎడమది వచ్చింది. పోయింది. చివరికి ఆమె లేచి, చేతులు వెనక్కి కట్టుకునే లారీ దగ్గరికి నడిచి, డ్రైవర్‌ను తాతముత్తాతలతో సహా తిట్టి వచ్చి మళ్ళీ చేతుల మీద కూర్చుంది.

రెండో వాయి బంగారు రంగులో వచ్చింది. ఖాజా భాయ్ కళ్ళు తెరవకుండానే, "ఎట్లున్నయి అమ్మా?" అని అడిగాడు. ఆమె మాడిన వాయిని ముందేసుకుని ఒక్కొక్కటే నములుతోంది. నేను వారించబోతే, "మాడినయి తల్లే తినాల్నంట. రాసింది గద పెద్దామె," అంది.

ఆ రంజాన్‌కు ఖాజా భాయే బట్టీ దగ్గర నిలబడ్డాడు. అల్లుడు కొత్త బోర్డును పాత పేరుతో మళ్ళీ రాయించుకొచ్చి కట్టాడు.

నా సెంటర్ మూతపడి చాలా కాలమైంది. వెతికి పెట్టడమే నా పని అని అప్పట్లో గర్వపడేదాన్ని. వెతికింది రెండో రోజే దొరికింది. అది హుసేన్‌బీ మనసు దాటి స్టవ్ దాకా రావడానికే అన్ని రోజులు పట్టింది. ఆ తర్వాత ఎవరు వచ్చి, మా పిల్లకు కాళ్ళు రావు, మా తమ్మునికి చెవులు వినబడవు, ఏమన్న దొరుకుతదా టీచరమ్మా అని అడిగినా, కంప్యూటర్ ముట్టుకోకముందే ఒక ప్రశ్న వేసేదాన్ని.

"మీ ఇంట్ల అందరికంటె ఎక్కువ భయపడేది ఎవరు? ముందుగాల వాళ్ళను తోల్కరాండ్రి."