ఇంజినుకు పట్టు పోగు

మా ముందరి గదిలో రెండే ఉండేవి. ఒకటి నా గుంత మగ్గం. రెండోది మా ఆయన మోటారు సైకిలు. నాది కూడు పెట్టేది, ఆయనది నేల మీద నూనె కార్చేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఆయనకు దేవరకొండలో ఒక ఆఫీసులో అటెండరు నౌకరీ దొరికింది. మగ్గం దిగిన మనిషికి చేతులు ఊరుకోవు కదా. ఇనుప సామాను కింద పోవాల్సిన పాత బండిని తోసుకుంటూ ఇంటికి తెచ్చాడు. గాలికే చల్లబడే ఇంజినట, నీళ్లు పోయనక్కర్లేదట. మా దిక్కు నీళ్లడగకుండా బతికేది ఏదైనా ఉంటే దానికి దండం పెట్టాలని ఆయన వాదన. అసలే కోతి, ఆపైన కల్లు తాగినట్టు, చేతిలో ఫోను కూడా ఉండె. అందులో వీడియోలు చూసి ఇంజిను మొత్తం విప్పాడు. చల్లబడితే సన్నబడతాయని బేరింగులు ఫ్రిజ్‌లో పెట్టాడు, వేడికి సాగుతుందని పిస్టన్‌ను నా అన్నం గిన్నెలో ఉడకబెట్టాడు. ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడమన్నాను. ఆయనకు కోపం కూడా రాలేదు.

ఇదంతా ఓర్చుకున్నాను. నా ఫికరంతా చీర గురించే. బుద్ధెరిగినప్పటి నుంచి పట్టు నేస్తున్నాను గానీ, నేసిన పట్టు ఒక్కసారి కూడా కట్టలేదు. మగ్గం మీంచి దిగిన ప్రతి చీరా సేటు దగ్గరికి పోయేది. ఆ ఏడు మా చెల్లె దేవరకొండలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి నేను నేసిన చీర నేనే కట్టాలని పంతం పట్టాను. నెమలికంఠం రంగు, ఎర్రంచు. సగం నేత అయింది.

ఇంజిను బిగించి మొదటిసారి స్టార్టు చేసిన రోజు వీధంతా పొగ. మరునాడు పొద్దున మగ్గం గుంతలో కాలు పెడితే జర్రున జారింది. ఇంజిను రెండు చిప్పలు కలిసే చోట నూనె కారి, గుంతలోకి దిగింది. నా కాలు నల్లగా ఉంది, జానెడు పైన నా చీర ఉంది.

"ఇంకొక్క చుక్క కారిందంటే ఇనుప సామానోన్ని పిలుస్త. బండినే గాదు, నిన్ను గూడ తూకమేయిస్త" అన్నాను.

ప్యాకింగు మార్చాడు, ఏదో మైనం పూశాడు. చుక్క ఆగలేదు. తర్వాత ఒక రోజు ఫోను పట్టుకుని వచ్చి మగ్గం పక్కన నిలబడ్డాడు. ఫోనులో ఎవరో తెల్లాయన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు ఇంజిను బిగిస్తున్నాడు. అదీ గాలికి చల్లబడేదేనట. రెండు చిప్పల నడుమ సన్నటి పట్టు పోగు పరిచి మూస్తున్నాడు.

"ఒక్క పోగు గావాలె" అని నా చీర దిక్కు చూశాడు.

నా చూపుకు రెండడుగులు వెనక్కి వేశాడు. ఇంజిను మళ్లీ విప్పాక, కండెకు మిగిలిన పోగు ఇచ్చాను. ఆయన వేళ్లకున్న జిడ్డుకు అది అంటుకుంది, చిక్కుపడింది, తెగింది. ఇక నేనే కొంగు దోపుకుని కూర్చున్నాను. బండి మీద ప్రేమతో కాదు, దాని నోరు మూసుకుంటేనే నా చీర బతుకుతుందని. బోల్టు రంధ్రాలకు లోపలి పక్కగా, మైనం మీద పోగు పరిచాను. ఆయన ఊపిరి బిగబట్టి చిప్ప మూశాడు.

నూనె ఆగింది. చీర కూడా చుక్క అంటకుండా మగ్గం దిగింది.

గృహప్రవేశం నాడు ఆయన బండి తుడిచి గుమ్మం ముందు పెట్టాడు. నాకు మాత్రం నమ్మకం చాలలేదు. ఆ చీరతో దాని మీద ఎక్కేది లేదని చెప్పి ఆటో ఎక్కాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆటో వెనకాలే దేవరకొండ దాకా బండి మీద వచ్చాడు.

బస్టాండు దగ్గర ఆటో దిగుతుంటే కొంగు ఆటో చక్రం పక్కన దేనికో తట్టుకుంది. గుంజి చూసుకుంటే అరచేతంత నల్లటి గ్రీసు. ఆయన బండి ఆపి, కొంగు చూశాడు. నేను వంగి ఇంజిను కింద వేలు పెట్టి రాశాను. దుమ్ము తప్ప తడి లేదు.

చెల్లె ఇల్లు ఇంకా దూరముంది, ఆటో బస్టాండు దాకే. కొంగు మడిచి మచ్చను లోపలికి దోపి, ఆయన వెనక కూర్చున్నాను.

"నవ్వినవనుకో, చూడు మల్ల" అన్నాను.

నవ్వలేదన్నాడు. కానీ నేను పట్టుకున్న భుజం ఊగుతోంది. ఎందుకు ఊగుతున్నావని అడిగాను.

"అది ఇంజిను ఊపే" అన్నాడు.

ఇంజిను ఇంకా స్టార్టే చేయలేదు.