గువ్వల గోడ

ఈస్టర్ నాడు తెల్లవారుజామున మావాళ్ళంతా సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థన చేస్తారు. అది కాగానే మా అన్న నన్ను పలకల క్వారీ వైపు లాక్కుపోయేవాడు. "చచ్చినోళ్ళను చూసినాం, ఇంక బతికినోళ్ళను చూద్దాం రా అమ్మీ," అనేవాడు. మార్కాపురం పక్కన ఆ క్వారీ మూతపడి చాలా ఏళ్ళయింది. అడుగున పచ్చటి నీళ్ళు, పైన నిటారుగా నల్లటి గోడ, ఆ గోడ సందుల నిండా గువ్వల గూళ్ళు. ఎండలు ముదరకముందే పిల్లల్ని పెంచి పంపించాలని వాటి ఆరాటం.

వాటంటే అన్నకు పిచ్చి. వయసులో ఉండగా అక్కడే పలకరాయి తీసేవాడు. మందు పేల్చే ముందు అందరూ పరుగెత్తుతుంటే, ఈయన గోడ మీదకు రాళ్ళు విసిరి గువ్వల్ని లేపేవాడట. "ముందు నువ్వు చావకుండా చూసుకోరా," అని తోటివాళ్ళు తిట్టేవాళ్ళు. గువ్వలు బతికాయి. పలక దుమ్ము మాత్రం ఈయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. ఆ క్వారీ మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయనకు లేదు.

ఈ ఏడు డాక్టరు నడవొద్దన్నాడు. చెబితే వినే రకమా! "ఈ ఒక్కసారి చూపించు. మళ్ళీ అడగను," అన్నాడు. దారి ఉన్నంతవరకు ఆటోలో తీసుకుపోయాను. అక్కడి నుంచి నా భుజం పట్టుకుని నాలుగడుగులు వేయడం, ఆగి రొప్పడం. గట్టు ఇంకా కొంత దూరం ఉండగానే వేపచెట్టు కింద కూలబడ్డాడు.

"నా వల్ల కాదు. నువ్వు పోయి చూసిరా, నాకు చెప్దువు గానీ."

గట్టెక్కి చూశాను. నీళ్ళు తోడేశారు. అడుగున పెద్ద మిషన్ ఒకటి నిలిపి ఉంది. గూళ్ళున్న గోడ లేదు. ఆ వైపంతా కొత్తగా కోసిన రాయి. ఆదివారం కదా, మనిషి అలికిడి కూడా లేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని తిరిగొచ్చాను.

"ఉండాయా?" అన్నాడు.

"ఉండాయన్నా. గోడ నిండా ఉండాయి."

"పిల్లలు చేసినాయా?"

"చేసినాయి. మేత తెచ్చి పెడ్తాండాయి."

ఆయన ముఖం వెలిగింది. ఆ తర్వాత తల కొంచెం పక్కకు వంచి చాలాసేపు విన్నాడు. ఆ చెట్టు దాకా గువ్వల కూత ఎప్పుడూ వినిపించేది.

"ఊపిరొక్కటే పోయిందనుకుంటి," అన్నాడు. "చెవులు కూడా పోయినాయే, అమ్మీ."