ఒక్క ముద్దలో నింపిన పన్ను

ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించడమే గాని, తప్పు చేసినప్పుడు తన నోరు తెరవడం ఆ పళ్ళ డాక్టరుకి చేతకాదు. అందులోనూ ఇవాళ కుర్చీలో కూర్చున్నది బట్టలు కుట్టే వాళ్ళక్క.

ఎనిమిది నెలల కిందట ఆవిడ దవడ పన్నుకి ఫిల్లింగు చేసింది తనే. ఆ తెల్లటి ముద్దను పల్చటి పొరలుగా పెట్టి, పొరపొరకీ నీలం దీపం చూపించాలి. గట్టిపడేటప్పుడు అది రవ్వంత ముడుచుకుంటుంది మరి. గుంటనిండా ఒకేసారి కూరితే, ఆ ముడుచుకునే ఊపుకి పన్నుతో ఉన్న పట్టు ఊడి సందు పడుతుంది. అంత చదివినవాడికి తెలియక కాదు. బయట ఆరుగురు మూలుగుతున్నారని ఒక్క ముద్దలో కానిచ్చేశాడు.

నెల తిరక్కుండా అక్క వచ్చి, "చన్నీళ్ళు తాగితే జివ్వుమంటోందిరా" అంటే, సరిగ్గా చూడనైనా చూడకుండా "శుభ్రంగా తోమితే కదా!" అని నలుగురి ముందూ కసిరాడు. ఆనాటినుంచి ఆ పిచ్చితల్లి రోజుకి మూడుసార్లు తోముతోంది, చిగుళ్ళు నెత్తురు కారేలా.

ఇవాళ చూస్తే ఫిల్లింగు అంచున వెంట్రుకంత నల్లగీత. దాని కింద పుచ్చు. నరందాకా పోలేదు, అంతవరకు నయం.

"నాదే తప్పులేరా. వయసొచ్చాక చెయ్యి సరిగ్గా తిరగట్లేదు," అంది అక్క.

అతను చేతిలోని అద్దం పక్కన పెట్టాడు.

"నీ చెయ్యి కాదక్కా, నాది. బయట ఆరుగురున్నారని తొందరలో ఒకేసారి కూరేశాను. ముడుచుకుని పట్టు వదిలేసింది."

"అంటే ముడుచుకునే గుడ్డని తడపకుండా కుట్టేశావన్నమాట."

"అంతే."

"నేనలా కుడితే తెచ్చి మొహాన కొడతారు. నువ్వేమో తిరిగి నన్నే తిట్టావు." నోరు తెరిచింది. "కానియ్. ఈసారి నేను లెక్కపెడతా."

అతను పాతది తీసి, పుచ్చు తొలిచి, మళ్ళీ నింపాడు. పొరకొక వేలు మడిచింది అక్క. అయిదు వేళ్ళూ మడతపడ్డాయి.

పుక్కిలించి, లేచి చెప్పులు వేసుకుంటూ అడిగింది: "ఆ ఆరుగురికీ అలాగే ఒకేసారి కూరావా?"

అతను పనిముట్లు సర్దడంలో పడ్డాడు.

"వాళ్ళనీ తోముకోమనే పంపావా?"

ఆవిడ వెళ్ళాక పాత రిజిస్టరు తీసి, ఆ తేదీ వెతికి, మొదటి నంబరుకి ఫోను కలిపాడు. అవతల ఎవరో ముసలాయన గొంతు హుషారుగా పలికింది.

"చెప్పండి డాక్టరుగారూ! మీరన్నట్టే బాగా తోముతున్నానండీ!"