జపాన్‌లో సపరేటు రూము

నేను జపాన్‌లో దయ్యాల కోట చూశాను. ఏడంతస్తులు. గుమ్మం దగ్గర ఒక అస్థిపంజరం వంగి దండం పెట్టి, మన టికెట్టు చింపి, సగం ముక్క తన పక్కటెముకల మధ్య దోపుకుంటుంది. లోపల చిన్న రైలుపెట్టె మనల్ని ఎక్కించుకుని చీకట్లోకి పోతుంది. దారి పొడుగునా పలచగా, పొగలాగా, చచ్చిపోయినవాళ్లు ఆడుతుంటారు.

వరంగల్ బజారులో ఇది వినని మనిషి లేడు. జపాన్ మాత్రం నేను వెళ్లలేదు. బొంబాయి దాకా వెళ్లాను. సరే, నిజం చెప్పే వయసు వచ్చింది కనుక చెబుతున్నాను, సికింద్రాబాదు దాకా వెళ్లాను.

ఎనభైల మొదట్లో నాకు స్టేషన్ రోడ్డులో బావి మోటార్ల దుకాణం ఉండేది. రఘునాథపల్లి వైపు రైతులు తెల్లారేసరికి యాభై బండ్లు కట్టుకుని నా గుమ్మం ముందు నిలబడేవారని రాద్దామనుకున్నాను. రెండు బండ్లు. ఒక్కోసారి ఒకటే, అదీ రిపేరుకు.

ఒక ఎండాకాలం కంపెనీ ఏజెంటు వచ్చి రంగుల పుస్తకం ఒకటి ఇచ్చిపోయాడు. బాగా అమ్మిన దుకాణదార్లను భార్యలతో సహా జపాన్ తీసుకుపోతారట. ఆరు రోజులు. విమానం, హోటలు, వేడినీళ్ల బుగ్గల్లో స్నానాలు, ఒక రోజంతా సముద్రపు ఒడ్డున ఆటల పార్కు. నా అమ్మకం ఆ దరిదాపుల్లో లేదు. పుస్తకం ఇచ్చేటప్పుడు ఏజెంటు నా మొహం కూడా చూడలేదు. అతను వీధి మలుపు తిరగకముందే నేను ఎదురు దుకాణంలోకి పోయి, నాకు ఖాయమైపోయిందని చెప్పేశాను.

ఎదురు దుకాణం స్టీలు సామాన్లది. ఆయన నన్ను బావా అనేవాడు.

“ఏం బావా, జపాన్‌ల ఇడ్లీ దొరుకుతదా?”

“ఎందుకు దొరకదు? పుల్లలతోని తింటరు.”

“మరి చట్నీ?”

“చట్నీకి ఇంకో రెండు పుల్లలిస్తరు.”

“సాంబారుకు కట్టెలమోపే ఇస్తరేమో!” అని ఆయన పడీపడీ నవ్వాడు. నా మాట ఆయన ఒక్క పూట కూడా నమ్మలేదు. బజారులో ఎవరూ నమ్మలేదు. అది మా మధ్య ఒప్పందం లాంటిది, నేను పెంచి చెబుతాను, వాళ్లు తగ్గించుకుని వింటారు. ఆ ఒప్పందం తెలియని మనిషి మా ఇంట్లో ఉంది.

మాకొక బిడ్డ ఉండేది. నాలుగేళ్లప్పుడు జ్వరం వచ్చి, దవాఖానలో మూడు రోజులుండి పోయింది. తరువాత మాకు పిల్లలు కాలేదు. ఆ పుస్తకం ఇంటికి వచ్చేనాటికి అది జరిగి ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో నా భార్య బిడ్డ ఊసెత్తలేదు, ఏడాదికి ఒక్కరోజు తప్ప. పెత్రమాస నాడు.

బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్యనాడు మా వైపు ఇంటింటా పోయిన పెద్దల పేరున బియ్యం, పప్పు, కూరగాయలు పురోహితం చేసే అయ్యగారికి ఇస్తారు. మా నాయన పేరున, నాయనమ్మ పేరున నేను ఇచ్చేవాణ్ని. నా భార్య ప్రతిసారీ ఒక చిన్న గిన్నెలో బియ్యం పోసి, పైన ఒక లేత బీరకాయ పెట్టి పట్టుకొచ్చేది. అయ్యగారు ప్రతిసారీ ఒకటే మాట.

“చిన్నపిల్లలకు ఇయ్యరమ్మా. వాళ్లు పెద్దలల్ల కలువరు.”

ఆమె గిన్నె లోపలికి తీసుకుపోయి బియ్యం మళ్లీ డబ్బాలో పోసేది. బియ్యం గింజలు రేకు డబ్బాలో పడే చప్పుడుకు ఈనాటికీ నేను గదిలోంచి లేచిపోతాను.

పుస్తకం ఇంటికి తెచ్చిన రోజు ఆమె చింతపండులో గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని ఒక్కో బొమ్మా చూపించాను. గిరగిర తిరిగే చక్రాలు, గాజు పడవలు, కోట. కోట లోపలి బొమ్మలో తెల్లగౌను వేసుకున్న ఒక పొగమనిషి చేతులు చాచి ఉంది. భయపెడదామని, ఉత్త అల్లరికి, అన్నాను.

“గీ ఇంట్ల చచ్చిపోయినోళ్లు కనవడ్తరు. మనం ఎవర్ని తల్చుకుంటే వాళ్లే.”

ఆమె భయపడలేదు. చింతపండు పక్కకు పెట్టి, చేతులు తుడుచుకుని, పుస్తకం తన ఒళ్లోకి తీసుకుంది.

“పిల్లలు గూడ కనవడ్తరా?”

అక్కడ ఆగి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు. కానీ నా నోరు ఎన్నడూ ఆగలేదు.

“పిల్లలకు సపరేటు రూమున్నది,” అన్నాను.

మరుసటి రోజు నుంచి మా ఇంట్లో ప్రయాణం మొదలైంది. ఏడేళ్లుగా పెళ్లిళ్లకు కూడా గడప దాటని మనిషి హనుమకొండలో స్టూడియోకు వచ్చి ఫోటో దిగింది. సుబేదారిలో ఆఫీసుల ముందు టైపు కొట్టే మనిషి దగ్గర పాస్‌పోర్టు ఫారాలు నింపించాం. తానూ చూస్తానని నా వెంట వచ్చింది. అతను మిషన్ మీద నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

“పిల్లలెంతమంది అక్కా?”

“ఒక్క బిడ్డ.”

“ఆమె పేరు గూడ ఎక్కియ్యాల్నా?”

“వద్దు తమ్మీ. ఆమె ముందుగాలనే పోయింది. అక్కడనే ఉంటది.”

“జపాన్‌లనా! ఏం చదువుతాంది?”

ఆమె నావైపు చూసింది. నేను రోడ్డు మీద పోతున్న బస్సు నంబరు చదువుకున్నాను.

ఇంటికి వచ్చాక ప్రశ్నలు. పోయేవాళ్లు ఎక్కడ దిగాలి, హోటల్లో మంచాలుంటాయా? ఉండవు, మనలాగే కింద చాపల మీద పండుకుంటారని పుస్తకంలో బొమ్మ చూపించాను. అది నచ్చింది. వేడినీళ్లు పొయ్యి లేకుండా భూమిలోంచే వస్తాయని చెప్పాను. అది పుస్తకంలో ఉన్నదే, నేను కలిపింది కాదు. ఆమె వేళ్లతో తన చెంపలు తడుముకుంది.

“పోంగనే కోటకు పోవద్దు. ఒక దినం మంచిగ పండుకుందం. ఆ ఉడుకునీళ్లతోని తలకు పోసుకుంట. గింత పీక్కపోయిన మొఖంతోని పోతే నన్ను గుర్తువడ్తదా?”

నేను పుస్తకంలో పేజీ తిప్పాను.

ఇంకో రోజు అన్నం పెడుతూ అడిగింది. “అక్కడ పిల్లలు పెరుగుతరా, నాలుగేండ్ల కాణ్నే ఉంటరా?”

“పెరుగుతరు.”

ఎందుకన్నానని అడిగితే, నాకూ మా బిడ్డ పెరగాలని ఉండింది. మరునాడు మధ్యాహ్నం దుకాణం నుంచి తిరిగి వచ్చేసరికి పక్కింటి పదకొండేళ్ల పిల్ల మా వాకిట్లో చేతులు చాచి నిలబడి ఉంది. నా భార్య దాని భుజాలకు టేపు పెట్టి కొలుస్తోంది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. పుస్తకంలో బొమ్మ కూడా అట్లాగే చేతులు చాచి ఉంటుంది.

నాలుగు రోజుల్లో గౌను తయారైంది. చిలకాకుపచ్చ, అంచుకు పసుపు. దండెం మీద ఆరేస్తే గాలికి లోపల ఎవరో ఉన్నట్టు ఉబ్బేది. నేను ఆ దండెం కింద నుంచి పోవడం మానేసి, గోడ పక్కన చుట్టు తిరిగి పోయేవాణ్ని.

వానలు పడ్డాక జపాన్ పోయేవాళ్ల లిస్టు వచ్చింది. అందులో నా పేరు ఎందుకుంటుంది? ఇంట్లో మాత్రం వీసా ఆలస్యమన్నాను. విమానానికి రిపేరన్నాను. జపాన్‌లో తుఫానన్నాను. ఆ తుఫాను తగ్గాలని ఆమె రెండు శనివారాలు ఒక్కపొద్దు ఉంది.

పెత్రమాస వచ్చింది. అయ్యగారు వచ్చి కూర్చున్నాడు. పెద్దల బియ్యం ఇచ్చాను. ఆయన లోపలికి చూసి అన్నాడు.

“ఈసారి గిన్నె తేలేదేందమ్మా?”

“మేమే పోయి ఇచ్చి వస్తం అయ్యగారూ,” అంది ఆమె లోపలి నుంచి. గొంతులో ఏ బెరుకూ లేదు. “బిడ్డ దగ్గరికే పోతానం.”

ఆయన నావైపు చూశాడు. ఆ ముసలాయనకు నా సంగతి నా చిన్నప్పటి నుంచి తెలుసు. సంచి భుజాన వేసుకుని లేచిపోయాడు.

నేను వంటింట్లోకి పోయాను. ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది.

“మనం పోతలేం,” అన్నాను. “లిస్టుల నా పేరు లేదు. ఎన్నడు లేకుండె.”

కాయలు తుంచడం ఆగలేదు.

“ఎదురు దుకాణపాయనకు ఎరుకేనా?”

“ఎరుకే.”

“బజారుకు?”

“అందరికి ఎరుకే.”

“అయితే ఫారాలు, ఫోటోలు అంత నాకోసమే నాటకమాడినవన్నట్టు.” చేతిలో ఉన్న గుప్పెడు కాయలూ తుంచేసింది. తరువాత తల ఎత్తి, “మనం పోకుంటే పోకపోతిమి. ఆ రూమైతే ఉన్నదా?” అంది.

లేదు అనడానికే నోరు తెరిచాను. గొంతులో మాట కూడా తయారై ఉంది.

“ఉన్నది,” అన్నాను.

ఈ ఒక్కటీ నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ సాయంత్రం వాడలో ఆడవాళ్లు బతుకమ్మలు దించి చుట్టూ తిరుగుతున్నారు. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. నేను అరుగు మీద కూర్చున్నాను. వరుసలో ఒక ఆకుపచ్చ గౌను వీపు తిప్పి పోతోంది, వంగుతూ, చప్పట్లు కొడుతూ. నా భార్య దాన్ని పక్కింటి పిల్లకు ఇచ్చేసిందని నాకెవరూ చెప్పలేదు. నాకు తెలియకుండానే నా నోట్లోంచి మా బిడ్డ ముద్దుపేరు వచ్చింది. గట్టిగానే వచ్చింది.

గౌను ఆగి వెనక్కి తిరిగింది. “ఏంది మామా? నన్నేనా?”

నేను చెయ్యి ఊపి, కాదన్నాను. వరుస కదిలింది. నా భార్య మాత్రం వరుసలోంచి బయటికి వచ్చి నా దగ్గర నిలబడింది.

“కనవడ్డదా?”

“ఆఁ.”

ఆమె తిరిగి ఆ పిల్లలవైపు చూసింది. వాళ్లు రెండు చుట్లు పూర్తి చేసేదాకా, కళ్లు చిట్లించి, దూరంలో బస్సు నంబరు వెతికినట్టు చూసింది.

“నాకైతే కనవడలే,” అంది. “నీకు ఎప్పుడు జర ఎక్కువనే కనవడ్తది.”

మళ్లీ పోయి వరుసలో కలిసింది.

అయ్యగారి ముందుకు ఆ గిన్నె మరెప్పుడూ రాలేదు. మరుసటి ఏడు పండుగ ముందర పక్కింటి పిల్లను పిలిచి మళ్లీ టేపు పెట్టింది. తాను కొలుస్తూ, నంబర్లు నన్ను రాసుకోమంది. భుజాలు, నడుము, పొడవు. ఆమె చెప్పినవి చెప్పినట్టే రాశాను. ఒక్క అంగుళం కూడా ఎక్కువ రాయలేదు.